లెస్టర్‌లో ఆపా ఇంటి గంట

లెస్టర్ నగరంలో ఆపా ఇంటికి చేరిన మూడో రోజు, ఫజర్ నమాజుకు ఇంకా అరగంట ఉందనగా మెలకువ వచ్చింది. పక్క మంచం ఖాళీగా ఉంది. మెట్లు దిగి చూస్తే వీధి తలుపు ఓరగా తెరచి ఉంది. డెబ్బై నాలుగేళ్ల మా ఆపా ఉన్ని కోటు వేసుకుని, ఒక చేత్తో చేతికర్ర పట్టుకుని, మరో చేత్తో కిటికీ అద్దం తుడుస్తున్నది. పక్కనే బకెట్టులో చన్నీళ్లు ఉన్నాయి. అద్దం మీద ఎండిపోయిన పచ్చసొన చారలు కనిపిస్తున్నాయి.

"ఉండండి ఆపా, వేడినీళ్లు తెస్తాను" అన్నాను.

"వద్దు. వేడినీళ్లు పోస్తే గుడ్డు ఉడికి అద్దానికి అతుక్కుపోతుంది. చన్నీళ్లతోనే కడగాలి" అన్నది, వెనక్కి తిరగకుండానే.

ఇది మొదటిసారి కాదని ఆ జవాబుతోనే నాకు అర్థమైపోయింది. తెల్లవారకముందే ఎందుకు కడుగుతున్నదో కూడా అర్థమైంది. ఇరుగుపొరుగు చూడకూడదు. ముఖ్యంగా నేను చూడకూడదు.

ఆపా 1978లో పెళ్లై, వైద్యుడైన భర్తతో కడప నుండి ఈ నగరానికి వచ్చింది. బావగారు మరణించి మూడేళ్లయింది. ఒక్కగానొక్క కొడుకు మాంచెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. తనతో వచ్చి ఉండమని అతడు ఎన్నోసార్లు బతిమాలాడు. కడపకు తిరిగి రమ్మని మేమూ అడిగాము. ఆమె సమాధానం ఒక్కటే: "ఆయన ఖబరస్తాన్ ఇక్కడుంది. నా జీవితంలో నలభై ఏళ్లు ఇక్కడే గడిచాయి. ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా అక్కడ నేను అతిథినే అవుతాను."

ఆ మాటలోని సత్యం లెస్టర్‌ను చూశాక తెలిసింది. లండన్‌లోని సెయింట్ పాంక్రస్ స్టేషన్ నుండి రైలులో గంటకు కాస్త పైగా ప్రయాణం. 1972లో ఈదీ అమీన్ ఉగాండా నుండి ఆసియా ప్రజలను వెళ్లగొట్టినప్పుడు, తమ ఊరికి రావద్దని ఈ నగర పాలక సంస్థ ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది. అయినా వేలాది మంది వచ్చారు. నేడు నగర జనాభాలో నూటికి 43 మంది ఆసియా మూలాలవారేనని 2021 జనగణన చెబుతున్నది. ఆపా ఉండే వీధిలో ఎర్ర ఇటుకల ఇళ్లు ఒకదాని భుజం ఒకటి ఆనుకుని వరుసగా నిలబడి ఉంటాయి. తలుపు తీస్తే నేరుగా కాలిబాట మీద అడుగు పడుతుంది. అటు గుజరాతీ అవ్వ, ఇటు సోమాలీ కుటుంబం, ఎదురుగా ఒక ఆంగ్లేయ వృద్ధురాలు. కొత్తిమీర కట్ట నుండి హలాల్ మాంసం వరకు అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే దొరుకుతాయి. ఇంత ముంగిటి సౌకర్యం ఉన్న వీధిలో, చీకటి పడితే చాలు, మా ఆపా తలుపు గంట తీగ పీకేసి కూర్చుంటున్నది.

అక్టోబరు నెలాఖరు ఆదివారం అక్కడ గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాత సాయంత్రం నాలుగున్నర దాటీ దాటకముందే మగ్రిబ్ వేళ అవుతుంది. బడి వదిలిన పిల్లలకు వీధిలో చీకటే తోడు. పన్నెండు నుండి పదిహేనేళ్ల వయసున్న నలుగురైదుగురు కుర్రాళ్లు సైకిళ్లపై వచ్చేవారు. బంతిని గోడకేసి కొట్టేవారు. గంట మోగించి పారిపోయేవారు. చేతికర్రతో ఆపా తలుపు దాకా వచ్చేసరికి వీధి చివర నవ్వులు వినిపించేవి. ఇదంతా వేసవిలో మొదలైందట. మొదట్లో ఆమె కూడా నవ్వుకున్నది. తర్వాత కోపగించి బయటికి వచ్చి మందలించింది. ఆ రోజు నుండి వాళ్లకు అదొక ఆట అయింది. ముసలామె కోపమే ఆ ఆటలోని పందెం.

ఆపా గంట తీగ పీకేసింది. దానితో మందులు తెచ్చే అబ్బాయి రెండుసార్లు తిరిగి వెళ్లిపోయాడు. గురువారం సాయంత్రం సమాజ భవనంలో జరిగే మహిళల కూటమికి వెళ్లడం మానుకున్నది. కొడుకు ఫోన్ చేస్తే "అల్‌హమ్దులిల్లాహ్, బాగున్నాను" అనేది. అది అబద్ధం కాదు కానీ, పూర్తి నిజమూ కాదు.

అసలు సంగతి నాకు వారం తర్వాత తెలిసింది. వీధి తలుపు లోపల పరచిన కాళ్లపట్టాను దులపడానికి ఎత్తాను. దాని కింద తివాచీ మీద అరచేయంత మేర నల్లగా కాలి ఉంది.

చాలాసేపు మౌనంగా ఉండి ఆపా చెప్పింది. నేను రాకముందు ఒక రాత్రి, తలుపులోని ఉత్తరాల సందు గుండా ఎవరో వెలిగించిన టపాసు లోపలికి తోశారు. ఆమె వంటింట్లో ఉండబట్టి సరిపోయింది. గిన్నెలోని నీళ్లు పోసి ఆర్పి, మచ్చ మీద పట్టా పరిచింది.

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు ఆపా?"

"చెబితే వాడు మరుసటి రోజే కారు వేసుకొచ్చి నన్ను తీసుకుపోతాడు. అదొకటి. ఇంకొకటి..." అని ఆగింది. "ఆ పిల్లల్లో ఒకడు నాకు తెలుసు. వాళ్ల నాన్న మన మసీదుకే వస్తాడు. గంట మోగించి పరుగెత్తుతూ ఒకసారి వెనక్కి తిరిగి 'సలాం ఆంటీ' అన్నాడు. వాడి పేరు పోలీసులకు చెప్పమంటావా? బయటివాళ్లు మన పిల్లలను అనే మాటలు చాలవా?"

ఆ ప్రశ్నను తేలికగా కొట్టిపారేయలేకపోయాను. పరాయి దేశంలో ఒక పిల్లవాడి తప్పు అతడొక్కడి తప్పుగా మిగలదన్న భయం నిరాధారమైనది కాదు. సహనం వహించడం మంచిదే కదా అని ఆమె నమ్మింది. కానీ తివాచీ మీది ఆ మచ్చను చూశాక, ఇక్కడ సహనమనే పేరుతో మౌనం నడుస్తున్నదని నాకు అనిపించింది. సహనం మనకు కలిగిన బాధను ఓర్చుకుంటుంది. మౌనం మాత్రం ఎదుటివాడి తప్పును పెరగనిస్తుంది. గుడ్డుతో మొదలైన ఆట నిప్పు దాకా ఎలా వచ్చిందో ఆ పట్టా కిందే రాసి ఉంది. పొరుగువారిని తన కీడు నుండి నిశ్చింతగా ఉంచడం విశ్వాసి లక్షణమని మనం పిల్లలకు బోధిస్తాము. ఆ పిల్లవాడికి ఆ బోధ అందలేదంటే, అతని పేరు దాచడం అతనికి మేలు చేయడం కాదు.

ఆ రాత్రి నా ముందే ఆపా కొడుకుకు ఫోన్ చేసింది. అతడు సెలవులకు పన్నెండేళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఊహించినట్టే మొదట మాంచెస్టర్ ప్రయాణమన్నాడు. ఆమె ఒప్పుకోకపోతే, కుర్రాళ్లను తరిమే యంత్రం ఒకటి ఉందన్నాడు. దాని పేరు మస్కిటో. 2005లో వేల్స్‌లోని బ్యారీ పట్టణంలో ఒక దుకాణం ముందు దాన్ని తొలిసారి ప్రయోగించారు. చెవికి గుచ్చుకునే సన్నని కీచు శబ్దం చేస్తుంది. వయసుతోపాటు అంత హెచ్చు స్థాయి శబ్దాలను వినే శక్తి తగ్గిపోతుంది కనుక పెద్దలకు అది వినిపించదు, పిల్లలకే వినిపిస్తుంది.

మర్నాడు కూరగాయలకు వెళ్లినప్పుడు ఒక దుకాణం ముందు మనవడు చటుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు. ఆపాకు, నాకు ఏమీ వినిపించలేదు. తలుపు పైన చిన్న పెట్టె ఒకటి ఉంది. అదే సమయంలో ఒక తల్లి తోపుడు బండిలో పసిబిడ్డను లోపలికి తీసుకువెళ్తున్నది. ఆ బిడ్డ ఏడ్చాడు. ఎందుకేడ్చాడో మాకు తెలియదు, ఆ తల్లికీ తెలిసి ఉండదు.

"నా గుమ్మానికి అది వద్దు" అన్నది ఆపా. "తప్పు చేసినవాడు, చేయనివాడు అని దానికి తెలియదు. రేపు నా మనవడు కూడా నా తలుపు దగ్గరికి రాలేడు."

యంత్రం మాట అంతటితో ఆగిపోయింది. ఆ సాయంత్రమే మేము ఇరుగుపొరుగు ఇళ్ల తలుపులు తట్టాము. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇదే: గుజరాతీ అవ్వ కిటికీ మీదా గుడ్లు పడ్డాయి. ఎదురింటి ఆంగ్లేయ వృద్ధురాలి పూలకుండీలు పగిలాయి. ఆమె కూడా తెల్లవారకముందే ఊడ్చి శుభ్రం చేసుకునేది. ముగ్గురు స్త్రీలు, మూడు మతాలు, ఒకే వీధి. తనొక్కతికే జరుగుతున్నదని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. ఒంటరివాళ్లను ఏడిపించేవారి బలమంతా అక్కడే ఉంది.

టపాసు సంగతి విన్న వెంటనే సోమాలీ ఇంటి యజమాని, అది అల్లరి కాదని, ఆ రోజే 999కు ఫోన్ చేయవలసిందని అన్నాడు. ఇంగ్లండులో ప్రాణాపాయం ఉన్నప్పుడు 999కు, అత్యవసరం కాని ఫిర్యాదులకు 101కు ఫోన్ చేస్తారు. ఆలస్యమైనా 101కు చెప్పాము. కొద్ది రోజులకు పోలీసు శాఖకు చెందిన సమాజ సహాయాధికారిణి వచ్చింది. తివాచీ చూసి ఆమె ముఖం గంభీరమైంది. తలుపు దగ్గర నిప్పు ప్రమాదం లేకుండా చూడడానికి అగ్నిమాపక శాఖవారిని పంపిస్తానన్నది. తర్వాత ఆపాకు కొన్ని సూచనలు ఇచ్చింది. చీకట్లో ఒంటరిగా బయటికి వెళ్లి పిల్లలను నిలదీయవద్దు. కోపం ప్రదర్శించవద్దు. తేదీ, సమయం, జరిగిన సంగతి ఒక పుస్తకంలో రాయాలి. మచ్చలకు, పగుళ్లకు ఫోటోలు తీయాలి. ఎంత చిన్నదైనా ప్రతిసారీ చెప్పాలి.

ప్రతిసారీ చెప్పమనడానికి వెనుక ఒక విషాదం ఉంది. 2007లో ఇదే లెస్టర్‌షైర్‌లోని ఒక గ్రామంలో ఒక తల్లి, వైకల్యంతో ఉన్న తన కుమార్తె, ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. ఏళ్ల తరబడి వీధి కుర్రాళ్ల వేధింపులు వారి జీవితాన్ని నరకం చేశాయి. ఆ తల్లి ఎన్నోసార్లు ఫిర్యాదు చేసింది. ఒక్కొక్క ఫిర్యాదునూ విడివిడిగా చిన్న విషయంగా చూశారే తప్ప, అన్నిటినీ కలిపి చూడలేదు. పోలీసుల, స్థానిక సంస్థల వైఫల్యం కూడా ఆ మరణాలకు దోహదం చేసిందని 2009లో జ్యూరీ తేల్చింది. 2014లో వచ్చిన చట్టం బాధితులకు ఒక హక్కు ఇచ్చింది. ఆరు నెలల్లో మూడుసార్లు ఫిర్యాదు చేసినా తగిన ఫలితం కనిపించకపోతే, పోలీసులు, నగర పాలక సంస్థ తదితరులు కలిసి కూర్చుని మొత్తం వ్యవహారాన్ని సమీక్షించాలని కోరవచ్చు. ఆపా రాసుకున్న పుస్తకం విలువ అప్పుడు తెలిసింది.

ఇక మిగిలింది ఆ పిల్లవాడి పేరు. చెబితే జైలేనా అని ఆపా భయపడింది. ఇలాంటి అల్లరికి సాధారణంగా తల్లిదండ్రులతో మాట్లాడడం, ఇక ఇలా చేయనని పిల్లవాడి చేత రాత ఒప్పందం తీసుకోవడం మొదటి మెట్టని ఆ అధికారిణి చెప్పింది. ఆపా కాసేపు తల వంచుకుని కూర్చుని, తర్వాత పేరు చెప్పింది. తెలిసిన ఒక్క పిల్లవాడి పేరునే కాదు, తెలియని పిల్లల ఆనవాళ్లనూ అంతే నిజాయితీగా చెప్పింది.

రెండు ఇళ్ల నుండి తల్లిదండ్రులు వచ్చారు. మూడో ఇంటివారు మాత్రం తమ బిడ్డ అలాంటివాడు కాదని తలుపు వేసుకున్నారు. మసీదుకు వచ్చే ఆ తండ్రి కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు. ఆపా పట్టా ఎత్తి చూపించింది.

"టపాసు నేను వేయలేదు ఆంటీ" అన్నాడు కుర్రవాడు. కాసేపటికి "కానీ అక్కడే ఉన్నాను" అన్నాడు.

"నేను ఎక్కడున్నానో నీకు తెలుసా?" అని అడిగింది ఆపా. "వంటింట్లో. నాకు పరుగెత్తడం రాదు. ఇల్లు అంటుకుంటే ఏ వైపు నుండి బయటికి వచ్చేదాన్ని?"

వాడు మాట్లాడలేదు. తండ్రి కళ్లు తుడుచుకున్నాడు. ఆమె తిట్టలేదు, క్షమించానని కూడా ఆ రోజు అనలేదు. "ఇక మీదట గంట కొడితే, నేను వచ్చేదాకా నిలబడు" అన్నది.

టపాసు వేసింది ఎవరో ఈనాటికీ తేలలేదు. అల్లరి పూర్తిగా ఆగిపోలేదు కూడా. నవంబరు 5న, 1605 నాటి కుట్ర భగ్నమైనందుకు గుర్తుగా ఆ దేశమంతా బాణసంచా కాల్చే రాత్రి, ఎదురింటి వృద్ధురాలు, గుజరాతీ అవ్వ ఆపా ఇంట్లోనే కూర్చున్నారు. ప్రతి చప్పుడుకూ ముగ్గురూ ఉలిక్కిపడ్డారు, ముగ్గురూ నవ్వారు. ముగ్గురి ఫోన్ నంబర్లు ఇప్పుడు ముగ్గురి గోడల మీదా పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాయి. కాలిన తివాచీ ముక్కను అల్లుకుపోయేలా కోయించి, కొత్తది వేయించాడు మా ఆపా కొడుకు. మాంచెస్టర్ మాట అతడు మళ్లీ ఎత్తలేదు. ప్రతి రాత్రి ఫోన్ మాత్రం చేస్తున్నాడు.

మనలో ఎన్నో కుటుంబాలకు విదేశాల్లో ఒంటరిగా ఉంటున్న పెద్దలున్నారు. ఫోన్‌లో మనం "బాగున్నారా?" అని అడుగుతాము. ఆ ప్రశ్నకు వారి దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఒకటే. దానికి బదులు, పక్కింట్లో ఎవరుంటారు, వారి నంబరు మీ దగ్గర ఉందా, సాయంత్రం పూట తలుపు తీస్తున్నారా, పోయిన వారం ఎక్కడికైనా వెళ్లారా అని అడగండి. చెప్పగానే వచ్చి తీసుకుపోతామని భయపెట్టకండి. ఆ భయమే వారి నోరు మూయిస్తుంది. ఇక మన పిల్లలు ఏ దేశంలో ఉన్నా, సాయంత్రం ఎవరి గుమ్మం ముందు ఆడుకుంటున్నారో కూడా ఒకసారి విచారించండి.

నేను బయలుదేరిన ఉదయం టాక్సీ డ్రైవరు వచ్చి గంట మోగించాడు. నేను సామాను అందుకునేలోగానే ఆపా చేతికర్ర పట్టుకుని లేచింది. "ఎవరు?" అని అడిగి, జవాబు విని, తానే తలుపు తీసింది.