మరక

రాత్రి పదకొండింటికి మాస్కు పెట్టుకుని, బాల్కనీలో ఒక చిన్న సీఎన్‌సీ మెషీన్ ముందు కూర్చుంటాను. పేరు 3018. చాలామంది చెక్క మీద పేర్లు చెక్కుకోడానికి కొంటారు. నేను సర్క్యూట్ బోర్డులు కోసుకోడానికి కొన్నాను. నిజం చెప్పాలంటే, ఫెర్రిక్ క్లోరైడ్ ముట్టుకోకుండా ఉండటానికి కొన్నాను.

నాన్న టీవీ మెకానిక్. బోర్డు కావాలంటే రాగి పొర మీద నెయిల్ పాలిష్‌తో దారులు గీసి, ప్లాస్టిక్ ట్రేలో ఫెర్రిక్ క్లోరైడ్ పోసి, ఊపుతూ కూర్చునేవాడు. పాలిష్ ఉన్నచోట రాగి మిగిలేది, లేనిచోట కరిగిపోయేది. (అమ్మ గోళ్లకి రంగు వేసుకోగా నేనెప్పుడూ చూళ్లేదు. సీసాలు మాత్రం ఇంట్లో ఉండేవి.) ఆ మందు పడితే బట్టల మీదా గచ్చు మీదా తుప్పు రంగు మరక. వేళ్ల మీద కూడా. ఎనిమిదో తరగతిలో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తూ, "చేతులు జేబులో పెట్టుకో నాన్నా" అన్నాను. పెట్టుకున్నాడు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చెయ్యమంటే నా వైపు చూశాడు.

మెషీన్‌కి మరకలు లేవు గానీ దాని బాధలు దానివి. బోర్డు మీది రాగి 35 మైక్రాన్లు, వెంట్రుకంత మందం కూడా ఉండదు. బోర్డు కాస్త వంగి ఉంటే బిట్టు ఒక మూల గాలిలో తిరుగుతుంది, ఇంకో మూల లోతుగా దిగి సన్నటి దారిని మింగేస్తుంది. అందుకే ముందు బిట్టుని అక్కడక్కడా రాగికి తాకిస్తూ ఎత్తుపల్లాలు కొలవాలి. తగలగానే కరెంటు పారి మెషీన్‌కి తెలుస్తుంది. ఆ రాత్రి బద్ధకించాను.

నాన్న కంటి పరీక్షకి హైదరాబాద్ వచ్చి ఉన్నాడు. షుగర్‌తో చూపు తగ్గి, షాపు మూసేసి మూడేళ్లు. నేను చేస్తున్నది ఒకప్పుడు ఆయన చేసిన ఆంప్లిఫయరే, ఎల్ఏ 4440 ఐసీతో. ఆయనకి చెప్పలేదు.

మల్టీమీటర్ పెడితే, కలవకూడని రెండు దారుల మధ్య బీప్. ఎక్కడ కలిశాయో అరగంట వెతికినా దొరకలేదు. నిద్రపట్టక లేచొచ్చిన నాన్న "ఇలా తే" అని, బొటనవేలి గోరుని గాళ్ల వెంబడి నడిపించుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"ఇక్కడ తెగలేదురా. గోరు జారిపోతోంది."

బ్లేడుతో గీరాను. బీప్ ఆగింది.

"ఇంత రాగి వదిలేశావేం?"

దారుల చుట్టూ గాడి మాత్రమే కోస్తామనీ, మిగతాదంతా చెక్కితే టైమూ బిట్టూ దండగనీ కొంచెం గొప్పగానే చెప్పాను.

"మేమూ అంతే. ఖాళీ జాగాలో పెయింట్ పూసేసేవాళ్లం. అదే మందు ఇంకో రెండు బోర్డులకి వచ్చేది."

మర్నాడు హీట్‌సింక్ కోసం ఇద్దరం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాం. నాన్న రెండు చేతులూ కౌంటర్ మీద పరిచి, షాపతనితో బేరమాడుతున్నాడు. వేళ్ల మీద మరకలు ఎప్పుడో పోయాయి. తిరిగొచ్చేటప్పుడు ఆ మీటింగ్ సంగతి ఎత్తుదామనుకున్నాను. ఇంతలో ఆటో దొరికింది.

సాయంత్రం ఆంప్లిఫయర్ ఆన్ చేస్తే పాట కంటే ముందు గుయ్యిమని మోత. నాన్న స్పీకర్ దగ్గర చెవి పెట్టాడు.

"గ్రౌండ్ సన్నగా పెట్టావు. అంత రాగి వదిలేశావు కదా, దాన్నే గ్రౌండ్‌కి కలపొచ్చుగా?"

ఇంకో బోర్డు బిగించాను. ఈసారి ఎత్తుపల్లాలు కొలిచాను.