సారుగారు హాస్టల్లో ఉన్నారు

ఇంట్లో కుక్క ఉన్న గృహస్థు ఊరికి ప్రయాణం కట్టాలంటే మొదట చూసుకోవలసింది పంచాంగమూ కాదు, రైలు టిక్కెట్టూ కాదు. "మరి దీన్నెక్కడ ఉంచుదాం?" అన్న ప్రశ్నకి జవాబు. పాలవాణ్ణి పది రోజులు రావద్దనవచ్చు. పేపరు మాన్పించవచ్చు. కుండీల్లో మొక్కలకి ఎదురింటివారు నీళ్ళు పోస్తారు. కుక్క సంగతి అలా కాదు. వేళకి ఇంత అన్నం పడేసేవారుంటే చాలదు. "మావాళ్ళేరీ?" అని అది గుమ్మం వంక చూస్తుందే, ఆ చూపుకి ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి.

మా కుక్క పేరు సారమేయుడు. పేరు పెట్టినవాణ్ణి నేనే. తెలుగులో ఎం.ఏ. చదివి, ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాడు కుక్కకి టామీ అని పేరు పెడితే ఏం బాగుంటుంది చెప్పండి? నన్నయగారి ఆదిపర్వంలో సరమ అనే దేవశునకం కొడుకు సారమేయుడు. ఏ తప్పూ చేయకుండానే జనమేజయుడి తమ్ముళ్ళ చేత దెబ్బలు తిన్నవాడు. మావాడూ అంతే. ఆరేళ్ళ కిందట, ముసురుపట్టిన ఒక సాయంత్రం, ఎవరో కొడితే కుంటుతూ రోడ్డు పక్కన పడి ఉన్నవాణ్ణి మా అమ్మాయి తువ్వాల్లో చుట్టి తెచ్చింది. పేరు అతికినట్టు సరిపోయింది. కాని పిల్లల నోళ్ళలో పడి అరిగి, మూడో రోజుకే అది "సారు" అయి కూర్చుంది. దాంతో ఇంట్లో ఇద్దరు సార్లమయ్యాం. విద్యార్థులెవరైనా వీధిలో నిలబడి "సారున్నారాండీ?" అంటే నాకన్నా ముందు వాడే తోక ఊపుకుంటూ వెళతాడు.

ఇన్నేళ్ళూ మాకు ఈ ప్రశ్న ఎదురు కాలేదు. కారణం మా అమ్మ. పెళ్ళిళ్ళకైనా పేరంటాలకైనా, "మీరు వెళ్ళిరండి నాయనా, నేను ఇంటిపట్టున ఉంటాగా" అనేది. అంతకు ముందు మా నాన్నగారి జబ్బు, ఆయన పోయాక ఈ సారు, ఏదో ఒకటి ఆవిణ్ణి గుమ్మం దాటనివ్వలేదు. ఆవిడకిప్పుడు 72 ఏళ్ళు. కాశీ చూడాలని ఎప్పటినుంచో కోరిక. ఈ దసరా సెలవుల్లో తీసుకువెళ్ళాలని మేమంతా నిశ్చయించుకుని చెబితే ఆవిడ ఏమన్నదో తెలుసా? "మీరు వెళ్ళిరండి, సారుని నేను చూసుకుంటా." పెళ్ళికూతుర్ని ఇంట్లో ఉంచి పెళ్ళికి తరలినట్టుంది వ్యవహారం! ఎవరి కోసం ప్రయాణమో ఆవిడే ఆగిపోతానంటుంది.

వాణ్ణి కూడా తీసుకుపోదామా అంటే రైలు నిబంధనలు అడ్డం. కుక్కని మనతో కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో రెండో నాలుగో బెర్తులున్న గది మొత్తం మనకే దక్కాలి. మిగతా ఏసీ బోగీల్లోనూ, స్లీపర్లోనూ ఒప్పుకోరు. లేదూ, గార్డు పెట్టెలో కుక్కల కోసం ఉండే చిన్న గూట్లో వెయ్యాలి. లెక్చరరు జీతం మొదటిదానికి ఒప్పుకోలేదు. మా అమ్మాయి రెండోదానికి ఒప్పుకోలేదు. పక్కింటివారు మంచివాళ్ళేగాని వారింట్లో పిల్లి ఉంది.

మిగిలింది కుక్కల వసతిగృహం. మా ఆవిడ దానికి "కుక్కల హాస్టలు" అని పేరు పెట్టింది. మా విజయవాడలో అలాంటివి రెండు చూశాను. మొదటిది ఒక మేడ కింద, వెలుతురు చొరని గదిలో ఉంది. వరసగా ఇనప బోనులు, ముక్కులు పగిలే ఫినాయిలు వాసన. అక్కడి కుర్రవాడు "ఎన్ని రోజులు సార్?" అన్నాడు తప్ప ఇంకొక్క ప్రశ్న వెయ్యలేదు. టీకాల కార్డు ఉందా అనైనా అడగలేదు. మావాడి కార్డు అడగలేదంటే తక్కినవాటినీ అడిగి ఉండడు గదా! అక్కణ్ణించి వెనక్కి తిరిగి వచ్చేశాను.

రెండోది ఊరి శివార్లలో, మామిడిచెట్ల నీడన ఉంది. నడిపే ఆయన పశువైద్యశాఖలో చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన వేసినన్ని ప్రశ్నలు మా పెళ్ళిచూపుల్లో మా మామగారు కూడా వెయ్యలేదు. పిచ్చికుక్క వ్యాధి రాకుండా టీకా ఎప్పుడు వేయించారు? నులిపురుగుల మందు ఎప్పుడు పట్టారు? తినేటప్పుడు పళ్ళెం తాకితే గుర్రుమంటాడా? ఉరుములకి బెదురుతాడా? మూర్ఛలేమైనా ఉన్నాయా? ఏ డాక్టరుకి చూపిస్తారు? చివరికి పుస్తకం తెరిచి, "జాతి ఏమిటండీ?" అన్నారు.

"తెలుగు జాతే," అన్నాను.

ఆయన నవ్వి, "అయితే పెరుగన్నం ఉండాలన్నమాట," అని రాసుకున్నారు.

నాకు తెలియని సంగతులు ఆయన దగ్గర చాలా తెలుసుకున్నాను. కుక్కలు నలుగురితో చేరినచోట ఒక అంటుదగ్గు వ్యాపిస్తుందట. దానికి ముక్కులో వేసే చుక్కల టీకా ఉంది. అది ప్రయాణం రోజు కాదు, ముందుగానే వేయించాలి. తిండి హఠాత్తుగా మార్చకూడదు, కడుపు చెడుతుంది. ఇంట్లో తినేదే అక్కడా పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు ఎవరు ముద్దుచేసి ఇచ్చినా పెట్టకూడదు. పడుకోవడానికి కొత్త పరుపు కొనవద్దు, ఇంటివాళ్ళ వాసన ఉన్న పాతగుడ్డ ఒకటి పంపండి అన్నారు. అన్నిటికన్నా ముఖ్యం, అసలు ప్రయాణానికి ముందే ఒక పగలు వదిలి సాయంత్రం తీసుకుపోవాలి. మరోసారి ఒక రాత్రి ఉంచి పొద్దున్నే తీసుకుపోవాలి. "మీరు పోవడమే కాదు, మళ్ళీ వస్తారని కూడా వాడికి తెలియాలి గదండీ!" అన్నారు.

ఆ మాట నన్ను పట్టుకుంది. మన తెలుగువాళ్ళం గడప దాటేటప్పుడు "వెళతాం" అనం. అంటే పెద్దవాళ్ళు కసురుతారు. "వెళ్ళొస్తాం" అంటాం. పోవడమూ రావడమూ ఒకే మాటలో ఇమిడ్చిన భాష మనది. కాని ఆ మాట సారమేయుడికి ఏ వ్యాకరణంతో బోధించడం? వాడికి "వెళ్ళడం" కళ్ళెదుట కనిపిస్తుంది. "వస్తాం" అన్నది వచ్చి చూపిస్తేగాని అర్థం కాదు. అంచేత చుక్కలు వేయించి, వారం ఆగి, ఆయన చెప్పినట్టే రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లు వచ్చి చూపించాం.

ఈ సంగతి తెలిసి క్లాసులో ఒక గడుగ్గాయి లేచి, "స్వర్గమే వద్దన్నాడు గాని కుక్కని వదలనన్నాడు గదా సార్ ధర్మరాజు? మరి మీరో?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ప్రశ్న మంచిదే. ఆదిపర్వం కథ కుక్కతో ఎత్తుకున్న భారతం, తిక్కనగారి మహాప్రస్థానికంలో మళ్ళీ కుక్క దగ్గరికే వస్తుంది. "నాయనా, మహాప్రస్థానానికి తిరుగు టిక్కెట్టు లేదు. నా జేబులో ఉంది," అన్నాను. పిల్లలు నవ్వారు గాని, నాలో బెంగ పోలేదు.

బయలుదేరే రోజు అమ్మ తన పాత నేతచీర ఒకటి మడిచి సంచిలో పెట్టింది. హాస్టలు గేటు దగ్గర వాడి తల నిమిరి, మనిషితో చెప్పినట్టే, "వెళ్ళొస్తాం నాయనా" అంది. వాడు అరవలేదు. గేటు కంతలోంచి చూస్తూ నిలబడ్డాడు. అరిచినా బాగుండేది.

మర్నాడు రైల్లో ఫోనుకి కబురొచ్చింది. "సారు పొద్దున ఏమీ తినలేదండీ. నీళ్ళు తాగారు." రాత్రికి మళ్ళీ అదే కబురు. మొదటి రోజుల్లో ఇది మామూలేనని ఆయన ముందే చెప్పారు. వీడియోలో పిలిచి గొంతు వినిపించవద్దనీ, మీ గొంతు విని మీరు కనబడకపోతే ఇంకా వెతుక్కుంటాడనీ అన్నారు. మా అమ్మాయి ఫోను పట్టుకుని ఊరుకోలేక ఊరుకుంది. అమ్మ కూడా భోజనం పొట్లం విప్పలేదు. "నన్నుంచి వచ్చినా సరిపోయేదిరా," అంది చివరికి. "నువ్వు లేకుండా కాశీలో మాకేం పనమ్మా?" అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మూడో రోజు పొద్దున గంగలో మునిగి, విశ్వనాథుణ్ణి చూసుకుని, కాలభైరవుడి గుడికి వెళ్ళాం. ఆయన కాశీకి క్షేత్రపాలకుడు, వాహనం కుక్క. ఆ సందుల్లో కుక్కలు యజమానుల్లాగే తిరుగుతుంటాయి. మడి వంక పెట్టి మావాణ్ణి వంటింటి గడప తొక్కనివ్వని మా అమ్మ, అక్కడ ఒక గోధుమరంగు కుక్క ముందు చతికిలబడి బిస్కట్లు తినిపించింది. అప్పుడే నా జేబులో ఫోను మోగింది. ఫొటో వచ్చింది. నేతచీర మీద ముడుచుకుని పడుకున్న సారు, పక్కనే ఖాళీ పళ్ళెం. కింద ఒక్క ముక్క రాశారు: "సారు భోంచేశారు."

అమ్మ ఆ ఫొటో కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూసింది. తరవాత లేచి కొంగు దులుపుకుని, "పద, ఇంకా అన్నపూర్ణమ్మని చూడొద్దూ?" అంది. ఆ క్షణం నుంచే ఆవిడకి కాశీయాత్ర మొదలైంది. పడవెక్కింది. సాయంత్రం హారతి దగ్గర నాకన్నా ముందుకి వెళ్ళి కూర్చుంది. గాజుల దుకాణంలో బేరమాడి గెలిచింది. గుమ్మానికి కాపలా ఉండడమే తన పని కానప్పుడు మా అమ్మ ఎలా ఉంటుందో ఆ నాలుగు రోజుల్లో చూశాం.

తిరిగి వచ్చి గేటు దగ్గర దిగితే సారు నా వంక చూడనైనా చూడలేదు. తిన్నగా అమ్మ దగ్గరికి పోయి, కాళ్ళు రెండూ వాసన చూసి, అప్పుడు అరవడం మొదలుపెట్టాడు. మా వీధికి చేరేదాకా ఆ అరుపు ఆగలేదు. మనిషి కాస్త చిక్కాడు. కొద్దిరోజులు దగ్గు వస్తుందేమో కనిపెట్టి ఉండమని పెద్దాయన చెప్పారు. రాలేదు.

ఆ రాత్రి మా ఆవిడ జమాఖర్చుల పుస్తకం తీసింది. రోజుకి 600 చొప్పున తొమ్మిది రోజులకి 5400 రూపాయలు. "సారు హాస్టలు" అని రాయబోతుంటే అమ్మ వారించింది. "అది నా కాశీ ఖర్చులో రాయవే," అంది.

తరవాత కాసేపు ఊరుకుని, నావైపు తిరిగి, "వాడికి ఆ ముక్కులో చుక్కలు మళ్ళీ ఎప్పుడు వెయ్యాలిరా?" అని అడిగింది.

కాశీ వెళ్ళినవాళ్ళు రామేశ్వరం కూడా వెళ్ళాలి గదా!