వీపు మీద పరీక్ష

మా తమ్ముడి చేతులు చూసినవాళ్ళెవరూ వాడు ఆ చేతులతో పట్టుకు రంగు వేస్తాడంటే నమ్మేవాళ్ళు కారు. వేళ్ళ సందుల్లో చర్మం చీలిపోయి, మణికట్టు దాకా ఎర్రగా పొక్కి, అన్నం కలుపుకోవడానికి కూడా లేక చెంచాతో తినేవాడు. ధర్మవరంలో మా పుట్టింటివాళ్ళది అద్దకం పని. సబ్బూ సోడా వేసిన నీళ్ళలో పట్టు చిలపలు ఉడకబెట్టి జిగురు పోగొట్టడం, ఆ తరువాత మరిగే రంగులో కర్రలకు తగిలించి తిప్పడం. ఈ పనితోనే మా నాన్న నాకు పెళ్ళి చేశాడు, వాణ్ణి పెంచాడు. ఆ చేతులు పనికి రాకపోతే వాడింట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

సలహాలకేం కొదవ లెండి! పెనుకొండలో మా మేనత్త ఉంది. వంకాయ మాన్పించింది, గోంగూర మాన్పించింది, వేపాకు నూరి పట్టు వేయించింది. ఎవరో చేతికి తొడుగులు వేసుకోమంటే రబ్బరు గ్లవుజులు కొన్నాడు. మూడు వారాలు తిరగకుండానే, గ్లవుజు అంచు తగిలే చోట గీత గీసినట్లు పుండు పడింది. రంగు ఒంట్లోకి దిగిందని అందరమూ తీర్మానం చేసేశాం. మందుల షాపులో ఇచ్చిన మాత్రలు మింగినన్నాళ్ళు తగ్గేది. మానితే మళ్ళీ మొదటికే.

బెంగుళూరులో ప్యాచ్ టెస్టు అని ఒకటి చేస్తారని మావారి స్నేహితులెవరో చెప్పారు. తమ్ముణ్ణి హిందూపురం పిలిపించి మాట చెబితే తల అడ్డంగా తిప్పాడు.

"రంగే అని తేలితే నేనేం పని చేసుకుని బతకల్ల అక్కా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అయినా బయల్దేరదీశాను.

మొదటి ప్రయాణం దండగే అయింది. వాడు మింగుతున్నవి స్టెరాయిడ్ మాత్రలని చీటీ చూసి డాక్టరమ్మ కనిపెట్టింది. అవి ఒంట్లో ఉంటే చర్మం ఎదురు తిరగదట, పరీక్ష ఏమీ లేదని అబద్ధం చెబుతుందట. అలాగని ఒక్కసారిగా మానకూడదు; మెల్లగా తగ్గించి, పుండు ఆరాక రమ్మంది.

రెండోసారి జనవరిలో ఒక సోమవారం వెళ్ళాం. వీపు మీద వరుసగా చిన్న చిన్న అల్యూమినియం గిన్నెలు, బొట్టుబిళ్ళంతేసి, పట్టీతో అంటించారు. ఒక్కొక్కదాంట్లో ఒక్కొక్క పదార్థం: నకిలీ నగల్లో ఉండే నికెల్, సిమెంటులో ఉండే క్రోమియం లవణం, తలకు వేసే రంగులోని మందు, రబ్బరులో కలిపే రసాయనాలు, ఆఖరికి మన రోడ్ల పక్క పెరిగే వయ్యారిభామ కూడా! 1950ల్లో పూనాలో కనబడి దేశమంతా పాకిన ఆ కలుపు మొక్క మూలంగా ఎంతోమందికి ముఖమూ మెడా దద్దురెక్కుతాయట. ఒక గిన్నెలో మాత్రం వట్టి వేసలీను. అది సాక్షి అన్నమాట. మేము డబ్బాలో పట్టుకెళ్ళిన రంగుపొడులను ఉన్నపళంగా అంటించలేదు. దేన్ని ఎంత పలుచన చెయ్యాలో లెక్క ఉందట.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1895లోనే యాదాసోన్ అనే జర్మన్ వైద్యుడు పాదరసం మందు పడనివాళ్ళకు ఇలా చేసి చూపించాడు. తుమ్ములు తెప్పించే ఎలర్జీలాగా ఇది నిమిషాల మీద బయటపడదు. రక్తంలోని కణాలు పాత శత్రువును గుర్తుపట్టి, ఆ చోట మూగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకని గిన్నెలు 48 గంటలు అలాగే ఉండాలి. వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు.

ఆ రెండు రాత్రులూ మా ఇంట్లో నాకు కావలి పనే. దురద పుట్టి వాడు తలుపు చట్రానికి వీపు రాసుకోబోతే, చిన్నప్పుడు కేకలేసినట్లే కేకలేశాను. మనవలున్న మనిషి పిల్లవాడిలా వచ్చి చాప మీద బోర్లా పడుకున్నాడు. ఆ చీకట్లో, "కొడుకును మాత్రం ఈ పనిలో పెట్టనక్కా," అన్నాడు.

బుధవారం పట్టీలు ఊడదీసి గుర్తులు పెట్టారు. శుక్రవారం మళ్ళీ చూశారు. ఒరుసుకుని వచ్చిన ఎరుపయితే ఆపాటికి వాడిపోతుంది. నిజంగా పడనిదయితే ఇంకా ఉబ్బుతుంది. ఒక్కచోట ఉబ్బింది, చిన్న చిన్న పొక్కులతో సహా. డాక్టరమ్మ పటం చూసి, "థయూరం. రబ్బరులో కలిపేది," అంది. రంగుల చోట్లు శుభ్రంగా ఉన్నాయి.

మొదట చేతులు పగిలింది సోడా నీళ్ళ వల్లట. అది ఎలర్జీ కాదు, రోజూ చర్మం కొరుక్కుపోవడమే. ఆ పగిలిన చేతులకు మేము కాపుదలకని తొడిగినది అసలు శత్రువయింది! తమ్ముడు నోటమాట లేకుండా కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇంతలో ఆవిడ చూపు నా నుదుటి మీద పడింది. "మీది స్టిక్కరు బొట్టేనా? దాని కింద తెల్లబడింది చూశారా?" అంది. ఆ జిగురులో ఉండే ఒక ఫినాల్ పడకపోతే చర్మం రంగు పోవచ్చునట. పరీక్షకు వెళ్ళింది వాడు, పట్టుబడింది నేనూను!

తిరుగు రైల్లో వాడితో నేనూ ధర్మవరం దాకా వెళ్ళాను. పెనుకొండ స్టేషన్లో అత్త చిత్రాన్నం డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. "ఏదీ నాయనా, వీపు ఇట్ల తిప్పు," అని ప్లాట్‌ఫారం మీదే చొక్కా ఎత్తించి చూసింది. విషయమంతా విని, "అయితే వంకాయ తినొచ్చునా?" అంది. అంతలో రైలు కదిలింది.

వాడిప్పుడు లోపల నూలు తొడుగు, పైన వినైల్ గ్లవుజులు వేసుకుని పని చేస్తున్నాడు. సోడా తొట్టి దగ్గర ఇంకా జాగ్రత్త చాలదు. చలికాలంలో వేళ్ళు ఒక్కొక్కసారి పగులుతూనే ఉన్నాయి. చెంచా మాత్రం మానేశాడు. ఆ పాత రబ్బరు గ్లవుజులు అత్త అడిగి పుచ్చుకుంది. పెరట్లో వయ్యారిభామ పీకడానికట.