కారు కొనేముందు కాడి కట్టి చూడండి

మొన్న మంగళవారం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, కారు సూసేను. 2014 మోడల్, రెండు లక్షల నలభై. రంగు అద్దంలాగుంది, ఏసీ ఏస్తే వణుకొచ్చేస్తంది. పదివేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశాను" అన్నాడు.

"స్టీరింగ్ ఎలాగుందిరా?" అన్నాను.

"పవర్ స్టీరింగే మావయ్యా."

నేనడిగింది అది కాదు. కానీ వాడిని ఏమనను? నేను కారు కొన్న రోజున నాకు తెలిసిందీ అంతే.

అదే సంతలో ఎద్దుని కొనాలంటే మనం ఎన్ని చూస్తాం! పళ్ళు చూస్తాం, సుడులు చూస్తాం, గిట్ట ఎత్తి చూస్తాం, నడిపించి వెనకనుంచి చూస్తాం. కాడి కట్టి నాలుగు చాళ్ళు దున్నిస్తే గానీ బొడ్లోంచి డబ్బు తియ్యం. అంతకి ఎన్నో రెట్లు పోసి కొనే కారుకి మాత్రం డోర్లు రెండుసార్లు వేసి తీసి, పాటలు పెట్టించుకుని వచ్చేస్తాం.

నా సంగతి చెప్తాను. కొంచెం సిగ్గుచేటు కథే, అయినా చెప్పాలి.

2019లో విశాఖపట్నంలో ఒక కన్సల్టెన్సీలో చిన్న కారు కొన్నాను, 2011 మోడల్. ఏ కంపెనీదో చెప్పను, తప్పు కంపెనీది కాదు. చెరుకు డబ్బులు, జీడిపిక్కల డబ్బులు కలిపి కట్టాను. అమ్మకి మోకాళ్ళు పోయాయి, కేజీహెచ్‌కి తీసుకెళ్ళాలంటే బస్సు ఎక్కలేకపోతోంది. అందుకోసం కొన్న కారు.

ఆ రోజు హైవే మీద అడ్డురోడ్డు వచ్చేలోపే తెలిసింది, స్టీరింగ్ కొంచెం ఎడమకి లాగుతోంది. వెంటనే ఫోన్ చేసి అడిగితే, "రోడ్డు ఎడమవైపు వాలుంటుందండీ, అన్ని బళ్ళూ అలాగే లాగుతాయి" అన్నాడు అమ్మినాయన. అందులో సగం నిజమే. వాన నీరు పోవడానికి రోడ్డుని అంచుకి వాలుగానే వేస్తారు. సగం నిజం కాబట్టే నమ్మేశాను. తర్వాత రెండు వారాలూ ఇంటికొచ్చి కారు దిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర ఏదో కాలిన వాసన. మాకు చెరుకు ఆకు తగలబెట్టే రోజులు కదా, అదే అనుకున్నాను.

డిసెంబరులో పిల్లలు లంబసింగి అన్నారు. హైదరాబాద్ నుంచి జనం వచ్చి మంచు చూసి పోతున్నారు, కిందనున్న మనం చూడకపోతే ఎలా అని. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, మా అప్ప, వాళ్ళ అమ్మాయి. అయిదుగురి కారులో ఆరుగురం. తెల్లారకుండా బయలుదేరి నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కాం. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది?

దిగేటప్పుడు మూడో గేరులో పెట్టి, కాలు బ్రేకు మీదే ఉంచి దిగుతున్నాను. సగం దిగాక మళ్ళీ ఆ కాలిన వాసన, ఈసారి ఘాటుగా. పెడల్ మెత్తగా అయ్యింది. ఆ తర్వాతి మలుపులో తొక్కితే నేలకి ఆనిపోయింది. నూతిలో మెట్టు ఉందని కాలు పెడితే అక్కడ మెట్టు లేనట్టు. రెండో గేరులోకి లాగాను, ఇంజను గోల పెట్టింది. హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా ఎత్తుతూ లోయ వైపు కాకుండా కొండ వైపు కాలవలోకి తిప్పాను. ఎడమ పక్కంతా రాతికి గీసుకుంటూ పోయి ఆగింది.

వెనకనుంచి మా చిన్నోడు, "కోతులొచ్చాయా నాన్నా, ఎందుకాపేవు?" అన్నాడు. మా ఆవిడకి అర్థమైంది. ఏమీ అడక్కుండా దిగి, ఒక రాయి తెచ్చి ముందు చక్రం కింద పెట్టింది.

ఇక్కడో చిత్రం జరిగింది. ముప్పావుగంట ఆగాక పెడల్ తొక్కి చూస్తే గట్టిగా ఉంది. "ఇప్పుడు బాగానే ఉంది కదరా, పోదాం" అంది అప్ప. నాకూ అలాగే అనిపించింది, అబద్ధం ఎందుకు. అయినా మొదటి గేరులో, మనిషి నడకన దించుకుని నర్సీపట్నంలో ఒక పాత మెకానిక్ దగ్గర ఆపాను. జీపుల కాలం నుంచి ఘాట్ బళ్ళు చూస్తున్న మనిషి. మూత తీసి చూపించాడు, బ్రేక్ ఆయిల్ కాఫీ డికాషన్‌లా ఉంది. లేత తేనె రంగులో ఉండాల్సింది.

ఆయన చెప్పింది నాకు అర్థమైన మాటల్లో రాస్తాను. మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, ఉప్పులాగా గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీలు దాటితే గానీ మరగదు. నీరు పట్టాక 140 దగ్గరే మరిగిపోవచ్చు. మరిగితే ఆవిరి. ద్రవాన్ని తొక్కితే బరువు చక్రానికి చేరుతుంది, ఆవిరిని తొక్కితే అది నలిగి ఊరుకుంటుంది. చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది, పెడల్ గట్టిపడుతుంది. అందుకే షోరూం ముందు ఆపిన కారులో పెడల్ ఎంత తొక్కి చూసినా ఈ జబ్బు బయటపడదు. రెండేళ్ళకోసారి ఆ ఆయిల్ మార్చాలంట, తిరిగినా తిరక్కపోయినా.

తర్వాత ఎడమ ముందు చక్రం విప్పాడు. కాలిపర్ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. అంటే కాలు తీసేసినా ఆ ఒక్క చక్రానికి బ్రేకు వదలడం లేదు, రాసుకుంటూనే ఉంది. డిస్కు వేడికి నీలం తిరిగింది. "లాగింది స్టీరింగ్ కాదు బాబూ, ఈ చక్రం. రెండు వారాల్నించీ నీకు చెప్తానే ఉంది" అన్నాడు.

ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. ఎద్దు భుజం ఎగరేసి నడిస్తే మనం భుజానికి మందు రాయం, గిట్టలో మేకు ఉందేమో చూస్తాం. కారుకీ అంతే, కుంటు ఒకచోట, ముల్లు ఇంకోచోట. స్టీరింగ్ పక్కకి లాగిందంటే టైర్లో గాలి తక్కువ కావచ్చు, అలైన్‌మెంట్ కావచ్చు, వదలని బ్రేకు కావచ్చు. ఎనభై స్పీడులో స్టీరింగ్ వణికితే అది చాలాసార్లు చక్రాల బ్యాలెన్సింగ్, కొద్ది డబ్బుతో పోతుంది. అదే వణుకు బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వస్తే డిస్కు సంగతి చూడాలి. టైరు లోపలి అంచు ఒక్కటే అరిగితే తప్పు టైరుది కాదు, పైనున్న అమరికది. చిన్న గోతుల్లో టక్కుటక్కుమంటే చాలామంది షాకప్‌లు మార్చేస్తారు. ముందు లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్షులు చూపించండి, అవి చవక.

సరే, మేనల్లుడి కారు. బుధవారం పొద్దున్నే నా జాకీ పట్టుకుని వెళ్ళాను. మేం వెళ్ళేసరికి ఇంజను వేడెక్కించకుండా ఉంచమని ముందే చెప్పించాను. ఇంజను ఆపి ఉండగానే బ్రేకు అయిదారుసార్లు గట్టిగా తొక్కి, తొక్కి పట్టుకుని స్టార్ట్ చేశాను. పెడల్ కొంచెం కిందికి దిగింది, దిగాలి, అంటే బ్రేకుకి బలమిచ్చే బూస్టరు పనిచేస్తోంది. అలాగే నిమిషం పట్టుకున్నాను. ఇంకా కిందికి జారిపోతూ ఉంటే మాస్టర్ సిలిండరో, ఎక్కడో కారడమో. జారలేదు. నాలుగు మూలలా బానెట్టూ డిక్కీ నొక్కి వదిలాను, ఒక ఊపు ఊగి నిలబడింది. మా వాడు నవ్వుతున్నాడు, పెళ్ళిచూపుల్లా ఉంది మావయ్యా అని.

అప్పుడు టైర్లు. ముందువి రెండూ కొత్తవి. మా వాడికి అది బోనస్. నాకు అనుమానం. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ముందువి కిందటి నెలవి. అమ్మబోయే బండికి కొత్త టైర్లు ఎవడేస్తాడు, అదీ ముందు మాత్రమే? వెనక చక్రాల కింద చెయ్యి పెట్టి తడిమితే ఒక టైరు లోపలి అంచు తీగ కనబడేలా అరిగిపోయి ఉంది. ముందు అరిగినదాన్ని వెనక్కి మార్చేశారు.

జాకీ ఎత్తి (వెనక చక్రాలకి రాళ్ళు పెట్టే ఎత్తాలి, కిందికి దూరకూడదు) ముందు చక్రాన్ని గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట పట్టి ఊపాను. ఊగితే టై రాడ్ ఎండ్లు. పన్నెండు, ఆరు దగ్గర ఊగితే బాల్ జాయింటో, బేరింగో. రెండూ గట్టిగానే ఉన్నాయి. రోడ్డెక్కాక కథ తేలింది. అడ్డురోడ్డు వైపు తిన్నగా ఉన్న ముక్కలో కారు తిన్నగానే పోతోంది, కానీ నా చేతిలో స్టీరింగ్ వంకరగా ఉంది, పది గంటలు కొట్టినట్టు.

వెనక్కొచ్చి టార్చి వేసి చూశాను. కుడి పక్క లోయర్ ఆర్మ్ కొత్తది, ఎడమది తుప్పుది. అది తప్పు కాదు. ఆ ఆర్మ్ బిగించే చోట ఇనుము ముడతపడి, వెల్డింగ్ చేసి, పైన నల్లరంగు పూసి ఉంది.

"గేదె అడ్డొచ్చిందండీ" అన్నాడు అమ్మేవాయన.

గేదె తగిలితే బంపరు పోతుంది, దీపాలు పోతాయి, చట్రం వంగదు. బుష్షులు, ప్యాడ్లు, లింక్ రాడ్లు పోయిన కారైతే ఖర్చు లెక్కేసి ధర తగ్గించి కొనుక్కోవచ్చు, భయం లేదు. ఆర్మ్ పుట్టే చోటే వంగితే మాత్రం ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా నెలకో జత టైర్లు తింటుంది. ఆ వెల్డింగ్ ఘాట్ మీద ఎప్పుడు విడిపోతుందో ఎవరికెరుక. నేను వద్దన్నాను.

అడ్వాన్సు తిరిగివ్వనన్నాడు. గంట మాట్లాడితే అయిదువేలు ఇచ్చాడు. మిగతా అయిదూ పోయాయి. దార్లో మా వాడు బండి మీద ఒక్క మాట మాట్లాడలేదు. వాడికి నా మీదే కోపం. ఊళ్ళో కారు కొన్నానని అప్పటికే చెప్పేసుకున్నాడు.

ఒక్క పరీక్ష మాత్రం రాయడం మర్చిపోయాను, నాకు ఆ రోజు తెలిసుంటే పిల్లల్ని ఘాట్ ఎక్కించేవాణ్ణి కాదు. పది కిలోమీటర్లు నడిపి ఆపండి. నాలుగు చక్రాల దగ్గరికీ వంగి చెయ్యి దగ్గరగా పెట్టండి, ముట్టుకోవద్దు, చర్మం ఊడుతుంది. ముందు రెండూ ఒకలా వెచ్చగా, వెనక రెండూ ఒకలా ఉండాలి. ఒక్కటే సెగ కొడుతుంటే అదే. అమ్మేవాడు రోడ్డు వాలు అంటాడు.

నా పాత కారు ఇంకా నా దగ్గరే ఉంది. కాలిపర్లు, పైపులు, ఆయిలు అన్నీ మార్పించాను. బానెట్ లోపల తెల్ల పెయింటుతో ఆయిల్ మార్చిన తారీకులు రాసుకుంటున్నాను. ఎడమ పక్క గీతలు మాత్రం తుడిపించలేదు, మా ఆవిడ వద్దంది.

నిన్న రాత్రి అప్ప ఫోన్ చేసింది. ఆదివారం నర్సీపట్నంలో ఇంకో కారు ఉందంట, జాకీ తెమ్మన్నాడంట. తనే ఫోన్ చెయ్యకుండా వాళ్ళమ్మ చేత చెప్పించాడు.