బరువెత్తుటకు ముందు

పాత యాచారమును ప్రశ్నింపవలెనని మనము నేర్చుకొంటిమి. క్రొత్త యాచారమును సైతము ప్రశ్నింపవలెనని యింకను నేర్వలేదు. ఇందుకు మన వ్యాయామశాలలే సాక్ష్యము. బరువు లెత్తబోవు బాలునిచే ముందుగా పిక్కలను, తొడలను, భుజములను సాగదీయించి కదలకుండ నిలుపుదురు. దీనివలన బలము హెచ్చుననియు, గాయములు కలుగవనియు నమ్మకము.

నా శిష్యుడొకడు, పదునేడేండ్లవాడు, శిక్షకుని యాజ్ఞపై ఒక్కొక్క కండరమును రెండేసి నిమిషములు సాగదీయుచుండెను. ఆ పద్ధతి మొదలైన పిదప, అంతకు ముందు లేచిన బరువు వానికి లేవదయ్యెను. శిక్షకుడు సోమరి యనెను, ఇంటివారు పుట్టుదుర్బలుడనిరి. తుదకు వాడును నమ్మెను. బాలుడు తన్ను తాను దుర్బలుడని నమ్ముటకంటె కీడేమున్నది? కావున శాస్త్రజ్ఞులు చెప్పినది చదివితిని.

2000 సంవత్సరమున కెనడా పరిశోధకులు కొందరి పిక్కలను సుమారు అరగంటసేపు సాగదీసి చూచిరి. వెంటనే బలము నూటికి 28 వంతులు తగ్గెను. గంట గడచినను 9 వంతుల లోటు మిగిలెను. అరగంట యెవరు సాగదీయుదురని యడుగవచ్చును. 2016లో పెక్కు పరిశోధనలను క్రోడీకరించినవారు, ఒక కండరమును నిమిషమునకు తక్కువ కాకుండ సాగదీసినచో సామర్థ్యము నూటికి ఇంచుమించు 5 వంతులు, నిమిషమునకు లోపైనచో 1 వంతు తగ్గునని తేల్చిరి. 40 కిలోలెత్తగలవానికి 5 వంతులనగా 2 కిలోలు. శక్తికి హద్దుననున్న బరువు లేవకుండుటకు అంతయే చాలును. సాగదీసిన కండరమునకు నాడుల ప్రేరణ కొంతసేపు మందగించును. బిగువు సడలుటచే దాని బలము ఎముకకు చేరుటయు ఆలస్యమగును.

గాయముల మాట యేమి? 2000లోనే ప్రకటితమైన వేరొక పరిశోధనలో 1538 మంది ఆస్ట్రేలియా సైనికులను పరీక్షింపగా, శిక్షణకు ముందు కాళ్లు సాగదీసినవారికిని, సాగదీయనివారికిని కాలి గాయములలో చెప్పదగిన భేదము కానరాలేదు.

సాగదీయుట చెడ్డదని నా భావము కాదు. కీళ్లు చక్కగా వంగుటకు అది మేలు; బరువులు దించిన పిదపనో, వేరొక వేళనో చేయవచ్చును. ముందు కావలసినది కదలిక: చురుకైన నడక, చేతులు త్రిప్పుట, తేలిక బరువుతో అదే వ్యాయామము. మన తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీయించుట యిట్టి కదలికయే. అది పాతది గనుక మంచిదనను. పరీక్షకు నిలుచుచున్నది గనుక మంచిదందును.

తల్లిదండ్రులారా! బిడ్డను దుర్బలుడనుటకు ముందు, బరువెత్తుటకు ముందు వానిచే ఏమి చేయించిరో యడుగుడు.