మా కొండ రాయి లారీ ఎక్కాక

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

జూలై 11 వస్తే మనమంతా సమత తీర్పు గురించి స్టేటస్ పెడతాం. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని గనుల కోసం గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల గనుల నుంచి మొదలైన కేసు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు మన వైపు రాశారు. ఇదంతా మనకి నోటికొచ్చు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని మాత్రం ఎవరూ స్టేటస్ పెట్టరు. అడవి, పర్యావరణ చట్టాలకి లోబడి ప్రభుత్వ సంస్థ తవ్వొచ్చు, లేదా పూర్తిగా గిరిజనులే ఉన్న సహకార సంఘం తవ్వొచ్చు.

అంటే మన రాయి మనమే తీసి, మనమే అమ్ముకోవచ్చు. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి?

మా వైపు జరిగింది చెప్తాను. పేర్లు రాయను. ఒక సంఘం పేరు మీద లీజు వచ్చింది. సభ్యులంతా మన వాళ్లే. మిషన్లు, లారీలు, డీజిల్, కొనేవాడు మాత్రం మైదానం నుంచి. మా అయ్య ఆ సంఘంలో సభ్యుడు, అదే క్వారీలో రాళ్లెత్తే కూలి కూడా. సభ్యుడిగా వేలిముద్ర వేశాడు, కూలీగా రోజు లెక్కన డబ్బులు తీసుకున్నాడు. లాభం అనే మాట ఆయన దాకా రాలేదు.

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదటిదాన్ని. డిగ్రీలో నాకు జియాలజీ ఉంది. మొన్న సెలవులకి వెళ్లినప్పుడు అయ్యని కూర్చోబెట్టి అడిగాను. లారీకి ఎన్ని టన్నులు ఎక్కేవని అడిగితే, "నిండితే వెళ్లిపోయేదమ్మా" అన్నాడు. ఇంకోటి కూడా చెప్పాడు. తెల్ల రాయి ఒక కుప్ప, గోధుమ రంగు రాయి ఇంకో కుప్ప పోయించేవారట. ఎందుకని ఎవరూ అడగలేదట. నాకు అర్థమైంది. కాల్సైట్ పెయింట్లకి, గాజుకి, ఇంకా చాలా వాటికి వాడతారు. ఎంత తెల్లగా, ఎంత శుద్ధంగా ఉంటే అంత రేటు. ఇనుము కలిస్తే రంగు మారుతుంది, రేటు పడిపోతుంది. అంటే ఎండలో ఆ రాళ్లు ఏరి, రేటు ప్రకారం వేరు చేసింది మా అయ్యే. రేటు తెలియనిది కూడా ఆయనకే.

ఇదే మా అయ్య సంతలో చింతపండు అమ్మేటప్పుడు కాటా ముల్లు మీద నుంచి చూపు తిప్పడు. షావుకారు వేలు ఎక్కడ పెడుతున్నాడో కూడా చూస్తాడు. తెలివి లేక కాదు. చింతపండు తూకం తాత నేర్పాడు. గని లెక్క ఏ తాత నేర్పుతాడు?

ఇది మన ఒక్కళ్ల కథ కాదు. మా హాస్టల్లో పొలిటికల్ సైన్స్ చదివే అక్క కాంగో దేశం గురించి చెప్పింది. మన ఫోన్లలో వాడే టాంటలం తీసే ఖనిజం తూర్పు కాంగోలో కూడా తవ్వుతారు, చాలా చోట్ల చేత్తోనే. ఆ డబ్బు సాయుధ ముఠాలకి పోతోందని 2010లో అమెరికా ఒక చట్టం చేసింది, ఖనిజం ఎక్కడిదో కంపెనీలు వెతికి చెప్పాలని. అదే ఏడాది కాంగో అధ్యక్షుడు తూర్పు జిల్లాల్లో తవ్వకాలే ఆపేశాడు. కొన్ని నెలలు కూలీల పొయ్యి వెలగలేదు. తర్వాత ప్రతి బస్తాకీ గని దగ్గరే నంబరు ట్యాగ్ కట్టే పద్ధతి వచ్చింది. ఆలోచన మంచిదే. కానీ వేరే చోట తవ్వింది కూడా ట్యాగ్ కట్టుకుని వెళ్లిపోయిన సందర్భాలున్నాయి, సరిహద్దు దాటి రువాండాకి దొంగచాటుగా పోతోందని ఐక్యరాజ్యసమితి నిపుణులు రాశారు. ట్యాగ్ బస్తా ఏ ఊరిదో చెప్తుంది. తవ్వినవాడికి ఎంత ముట్టిందో చెప్పదు. మన లారీ పర్మిట్ కూడా అంతే కదా?

అసలు తవ్వకమే వద్దు, నువ్వు వ్యాపారం నేర్పుతున్నావా అని కొందరు అన్నలు కోప్పడతారని తెలుసు. బాక్సైట్ విషయంలో నేనూ వద్దనే అంటాను. 2015లో వచ్చిన జీవో 97 మన వాళ్లు అంత గట్టిగా నిలబడబట్టే 2019లో రద్దయింది. కానీ వద్దు అనడానికి కూడా కాగితం చదవడం రావాలి. లీజు ఎన్ని హెక్టార్లు, ఎన్నేళ్లు, ఏ వాగు పక్కన అని తెలియకుండా గ్రామసభలో చెయ్యెత్తడం, చెయ్యి దించడం రెండూ ఒకటే.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. 2015లో గనుల చట్టం మార్చి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. లీజుదారు రాయల్టీతో పాటు ఆ నిధికి కూడా కట్టాలి. పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చిన కొత్తవైతే 10 శాతం. తాగునీరు, వైద్యం, చదువు ముందు వరుసలో ఉండాలి. షెడ్యూల్డ్ ఏరియాలో ఆ పనులకి గ్రామసభ ఆమోదం కావాలి, ఏడాది అయ్యాక మన ఊళ్లో ఏం చేశారో రిపోర్టు గ్రామసభకే ఇవ్వాలి. మా ఊళ్లో ఆ రిపోర్టు చూసినవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు. మా ఊరి ఊటలో మాత్రం వానాకాలం నీళ్లు ఇప్పటికీ తెల్లగానే వస్తాయి.

అందుకే సంక్రాంతి సెలవుల్లో మా పంచాయతీలో ఆ రిపోర్టు అడుగుతూ అర్జీ పెడుతున్నాను. అయ్య వస్తానన్నాడు, ఇంకో నలుగురు పాత కూలీలు వస్తారు. రాయి గురించి నేను చూసుకుంటాను. సంఘం జమా ఖర్చులు చదవడం నాకు రాదు. మన గ్రూపులో బీకాం చదివేవాళ్లు, వే బ్రిడ్జి దగ్గర పనిచేసిన అన్నలు ఎవరైనా ఉంటే కింద మీ మండలం పేరు రాయండి. అర్జీ ఫోటో రేపు పెడతాను, తప్పులుంటే దిద్దండి.