క-భాషలో దాచిన తాళంచెవి

క-భాష ఎరగని పిల్లలు మా చిన్నతనంలో ఉండేవారు కారు. అవనిగడ్డలో అమ్మమ్మగారి వసారాలో మా అక్కలిద్దరూ ప్రతి అక్షరం ముందూ ఒక ‘క’ తగిలించి రహస్యాలు చెప్పుకునేవారు. ‘కమా కమి కడి కకా కయ’ అనగానే, పడకకుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్న తాతయ్య, ‘ఉప్పూ కారమూ కూడా పట్టుకెళ్ళండర్రా!’ అనేవాడు.

ఇప్పుడిదంతా ఎందుకంటారా? బెజవాడలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి ఒక వెబ్‌సైటు ఉంది. దాని సర్వరులోకి ఫైళ్ళు పంపడానికి ఒక సాఫ్ట్‌వేరూ, దానికో పాస్‌వర్డూ ఉన్నాయి. ఆ పని చూసే లెక్కల మేష్టారు, రోజూ పాస్‌వర్డు కొట్టలేక, ‘గుర్తు పెట్టుకో’ అని కంప్యూటరుకే ఒప్పజెప్పారు. తెరమీద కనిపించేవి చుక్కలే గదా అని ఆయన ధీమా.

మొన్న సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు బెంగుళూరులో ఇదే ఉద్యోగం చేస్తాడు. ‘ఆ చుక్కలు మీకోసమే మేష్టారూ, దొంగకోసం కాదు’ అని, ఆయన అనుమతితోనే, లోపలి ఫైలొకటి తెరిచాడు. అర్థంపర్థం లేని అక్షరాల వరస. మేష్టారి ముఖం వికసించింది. మావాడు ఆ వరసను తీసి మరోచోట వేశాడు. రెండు క్షణాల్లో పాస్‌వర్డు బయటపడింది, మేష్టారి పెద్దమ్మాయి పేరుతో సహా!

దాన్ని బేస్‌64 అంటారట. ఇంగ్లీషు పెద్దక్షరాలు 26, చిన్నక్షరాలు 26, అంకెలు 10, గుర్తులు రెండు. ఏ మాటనైనా ఈ 64లోకి మార్చి రాయడమే. తాళం లేదు, చెవీ లేదు. అచ్చం మా అక్కల క-భాషే.

ఆ సర్వరులో ఉన్నవి పరీక్షల ఫలితాలే అయితే నేనింత బెంగపడను. ఉయ్యూరు, కంకిపాడు నుంచి బస్సుల్లో వచ్చి చదువుకునే ఆడపిల్లల ఫోను నెంబర్లూ, ఇంటి చిరునామాలూ ఉన్నాయి. దొంగ కాలేజీ గోడ దూకనక్కరలేదు. ఎవరో తగిలించిన పెన్‌డ్రైవులో ఒక పాడు ప్రోగ్రాము వస్తే చాలు. 2009లో గంబ్లార్ అనేది ఇలాగే కంప్యూటర్లలో దూరి, ఈ రకం పాస్‌వర్డులు ఎత్తుకుపోయి, వాటితో వెబ్‌సైట్లకు విషమెక్కించింది.

అసలీ పద్ధతి, ఎఫ్.టి.పి., పుట్టింది 1971లో. మొదటి నియమావళి రాసింది మనదేశంవాడే, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన అభయ్ భూషణ్. ఆనాడు వలలో ఉన్న యంత్రాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు, అంతా తెలిసినవాళ్ళే. అందుకే పాస్‌వర్డు దారిపొడుగునా పోస్టుకార్డులా పోయేది. ఇప్పుడు కవరులో పెట్టి పంపే ఎస్.ఎఫ్.టి.పి. ఉంది. దాచుకునే చోటికీ అసలైన తాళం వచ్చింది: ఫైల్‌జిల్లావారు 2017లో మాస్టర్ పాస్‌వర్డు ఏర్పాటు చేశారు. అది కొట్టందే మిగతావి తెరుచుకోవు. కాని పెట్టుకొమ్మని ఎవరూ బలవంతపెట్టరు.

మావాడు ఊరికి వెళ్ళేలోగా దాచినదంతా చెరిపించి, పాస్‌వర్డు మార్పించి, పంపే దారీ మార్పించాడు. ఇప్పుడు లెక్కల మేష్టారు పదహారక్షరాలు రోజూ చేత్తో కొడుతున్నారు. వరండాలో నేనెదురైతే పలకరించరు. వేళ్ళు మాత్రం నాకు వినబడేలా విరుచుకుంటారు.